రాహుకాలంలో బిగించిన హార్డ్ డిస్క్

"ఇవాళ వద్దు, రేపు చేద్దాం" అని మీ ఇంట్లో ఎవరైనా అంటే, మీరు ముందు కారణం అడుగుతారా, ముందు నవ్వుతారా?

తొందరపడి జవాబు చెప్పకండి. కారణమే అడగాలని పాతికేళ్ళపాటు వేదికలెక్కి చెప్పినవాణ్ణి నేను. అలాంటి నన్ను ఒక ఆదివారం సాయంత్రం మా ఇంట్లో ఇద్దరు ఆగమన్నారు. ఒకరు మా అమ్మ, ఇంకొకరు నా భార్య. ఇద్దరికీ కలిపి ఒకటే నవ్వు నవ్వాను.

అప్పటికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఇంకా ఏర్పడలేదు. మేం రాయపూర్‌లో రైల్వే కాలనీని ఆనుకుని ఉన్న వీధిలో ఉండేవాళ్ళం. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఫిట్టరుగా వచ్చి ఇక్కడే రిటైరయ్యాడు. నేను హిందీ మీడియం బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. నెలకోసారి కాలనీ హాల్లో తెలుగువాళ్ళం చర్చలు పెట్టుకునేవాళ్ళం. జాతకం శాస్త్రమేనా? దయ్యం పట్టడం రోగమా? పునర్జన్మకు సాక్ష్యమేది? పదేళ్ళ వయసులోనే నాన్న నన్ను అక్కడ నిలబెట్టాడు. ఆయన నేర్పిన మొదటి మెలకువ ఇది: అవతలివాడు నోరు తెరవగానే అతని మాట ఏ కోవకు చెందిందో పట్టెయ్యాలి, అతను ముగించేలోపు జవాబు సిద్ధంగా ఉండాలి. ఆ మెలకువతో హాల్లో చాలా చర్చలు గెలిచాను. ఇంట్లో దానివల్ల ఏం పోగొట్టుకున్నానో చాలాకాలం తెలియలేదు.

మా చర్చల బృందానికి ఒక ఆనవాయితీ ఉండేది. ఏ మంచి పనయినా రాహుకాలంలోనే మొదలుపెట్టాలి. పెళ్ళిళ్ళు, కొత్తింట్లో దిగడాలు, ఆఖరికి కొత్త సైకిలెక్కడం కూడా. నా పెళ్ళీ అలాగే జరిగింది. నా భార్య కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబంలో పుట్టింది, నర్సు. మా పెళ్ళికి పురోహితుడు లేడు, పాస్టరు లేడు. దండలు మార్చుకున్నాం, టీ తాగాం. ఆదివారం పొద్దున ఆమె చర్చికి వెళ్తుంది, నేను పేపరు చదువుకుంటాను. ఒకరి దారిలోకి ఒకరం రాం. ఆమె నన్ను "మాస్టారూ" అంటుంది. మొదట్లో వేళాకోళంగా మొదలుపెట్టింది, తర్వాత అదే నా పేరైపోయింది.

కరపత్రాలు వేసుకోవడానికని బృందం తరఫున ఒక పాత కంప్యూటరు తెచ్చి మా ముందుగదిలో పెట్టాం. దానిమీద నేను రాసింది తక్కువ. నిజంగా వాడుకున్నది నా భార్య.

దానికో కారణముంది. ఊరి శివారు బీర్‌గావ్‌లో ఫ్యాక్టరీ పనులకొచ్చిన మన వైపు కుటుంబాలు చాలా ఉండేవి. ఒక రోజు అక్కడి నుంచి ఒక గర్భిణిని నా భార్య పనిచేసే ఆసుపత్రికి తెచ్చారు. కాళ్ళూ ముఖమూ వాచిపోయి, ఫిట్స్ వచ్చాక తెచ్చారు. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. వాపు కనిపిస్తే వెంటనే రమ్మని రాసిన కాగితం ఆమెకు అంతకు మూడు నెలల ముందే ఎవరో ఇచ్చారు. అది హిందీలో ఉంది. తెలుగయితే కూడబలుక్కుని చదువుకోగలదు. చదవలేని ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మంచి కాగితమేనన్న నమ్మకంతో దేవుడి పటం వెనక దాచుకుంది.

ఆ రోజు నా భార్య ఇంటికొచ్చి చీర కూడా మార్చుకోకుండా కంప్యూటరు ముందు కూర్చుంది. అలా రెండేళ్ళు కూర్చుంది. గర్భిణుల కోసం తెలుగులో ఒక పుస్తకం. పెద్ద పెద్ద అక్షరాలు, పేజీకి ఒకటే సంగతి, పక్కన ఒక బొమ్మ. బొమ్మలు మౌసుతో తనే వేసేది. వాచిన పాదాన్ని బొటనవేలితో నొక్కితే పడే గుంట ఉంటుంది చూడండి, ఆ ఒక్క బొమ్మకు మూడు వారాలు పట్టింది. "గుంట గుంటలాగా లేదు, మచ్చలాగా ఉంది" అని చెరిపి మళ్ళీ వేసేది. వానలు మొదలయ్యేలోపు ఇస్తే అచ్చు వేస్తామని ఒక ప్రెస్సువాళ్ళు ఒప్పుకున్నారు. ఇంకో నాలుగు బొమ్మలు మిగిలాయనగా కంప్యూటరు మొరాయించింది. హార్డ్ డిస్క్ నిండిపోయింది, ఇంకేదీ దాచుకోలేనని తెరమీద చెప్పేసింది.

కంప్యూటరు తను దాచుకునే ప్రతిదీ ఆ డిస్కులోనే దాచుకుంటుంది. మాది ఐదొందల నలభై ఎం.బి. జయస్తంభ్ చౌక్ దగ్గర ఒక దుకాణంలో రెండు వేల పైచిలుకు ఎం.బి.ల కొత్త డిస్కు తెచ్చాను. రెండూ కంప్యూటర్లో ఉంచుకుంటే చోటుకు కొరత ఉండదు. దుకాణదారు ఓపికగా ఒక కాగితం మీద హిందీలో నాలుగు అంకెలు వేసి రాసిచ్చాడు. ఒకటి, పాత డిస్కు విప్పి పక్కన పెట్టాలి. రెండు, కొత్తదాన్ని ఒక్కదాన్నే తగిలించి అందులో పార్టిషన్ చెయ్యాలి, అంటే గళ్ళు గీసినట్టు హద్దులు వెయ్యాలి. మూడు, ఫార్మాట్ చెయ్యాలి, అంటే రాసుకోవడానికి వీలుగా తుడిచి సిద్ధం చెయ్యాలి. నాలుగు, అప్పుడు పాతదాన్ని కూడా తగిలించాలి.

"పహలే ఏక్, ఫిర్ దో. గడ్‌బడ్ మత్ కర్‌నా, మాస్టర్‌జీ" అన్నాడు.

లెక్కల మాస్టరుకు ఒకటి తర్వాత రెండని చెప్తున్నాడే అని మనసులో నవ్వుకున్నాను. చూశారా, అక్కడా నవ్వే.

ఆదివారం రాహుకాలం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా. మే నెల. కూలరు గాలి కూడా వేడిగానే వస్తోంది. మా బృందంలో నాకు దగ్గరివాడు, రిటైరైన రైల్వే గార్డు, సాక్షిగా వస్తానన్నాడు. నాలుగున్నరకు సరిగ్గా గడప దాటాడు, చేతిలో పాత జేబుగడియారం. ఆయనకు ఇల్లయినా ప్లాట్‌ఫారమే.

"రైట్ టైం, మాస్టారూ! రాహువు గారు లైన్ క్లియర్ ఇచ్చేశారు. షురూ కరో!" అని స్టూలు మీద కూర్చున్నాడు.

నేను స్క్రూడ్రైవరు అందుకునేసరికి అమ్మ కుంకుమ భరిణెతో గుమ్మంలో నిలబడింది.

"ఒరే, ఆరు దాటాక ముట్టుకోరా. గంటన్నరకి ఏట్రా అంత జల్దీ? చిన్న బొట్టెట్టి మొదలెట్టు, నీ సొమ్మేటి పోద్ది?"

"కంప్యూటరుకు బొట్టెందుకమ్మా, అది పేరంటానికెళ్తుందా?"

గార్డు పెద్దగా నవ్వాడు. అమ్మ భరిణె మూతపెట్టింది.

అప్పుడే నా భార్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మాస్టారూ, ఇవాళ వద్దు. రేపు చేద్దాం."

"నువ్వు కూడానా!" అన్నాను.

"నా ఫైళ్ళన్నీ ఆ పాతదాంట్లోనే ఉన్నాయి కదా. ముందు వాటికి ఫ్లాపీల్లోకి నకళ్ళు తీసుకుంటా. బొమ్మలకే పది పన్నెండు ఫ్లాపీలు పడతాయి. ఇవాళ దుకాణం లేదు. రేపు డ్యూటీ నుంచి వస్తూ తెస్తా."

ఈ మాటలన్నీ ఆమె అంది. ఇప్పుడు అక్షరం పొల్లుపోకుండా రాయగలుగుతున్నాను. కానీ ఆ రోజు నా చెవిలో పడింది మొదటి మాటే. "ఇవాళ వద్దు." అమ్మ అన్నదీ అదే. నాన్న నేర్పిన మెలకువ తన పని తాను చేసేసింది. ఇది వాయిదా కోవ, భయం కోవ అని తేల్చేసి జవాబు సిద్ధం చేసేసింది.

"అటు కుంకుమ, ఇటు ఫ్లాపీ. ఈ ఇంట్లో ధైర్యమున్నవాళ్ళు ఒక్కళ్ళు లేరు గార్డు గారూ!"

గార్డు మళ్ళీ నవ్వాడు. ఈసారి కొంచెం తక్కువగా. నా భార్య నా వంక ఒక్క క్షణం చూసి, "నా పుస్తకం జాగ్రత్త" అని మాత్రం అని లోపలికెళ్ళింది.

పెట్టె మూత ఊడదీయడానికే నలభై నిమిషాలు పట్టింది. ఒక మర తుప్పుపట్టి కదల్లేదు. తల అరిగిపోయింది. నూనె పోశాం, సుత్తితో తట్టాం, నేను తిట్టాను. చెమట కళ్ళలోకి కారుతోంది. పక్కన గార్డు, రైలు ఆలస్యమవుతున్నట్టు, ఐదు నిమిషాలకోసారి టైము చెప్తున్నాడు. ఐదు. ఐదుంపావు. మర ఊడేసరికి ఐదూ ఇరవై దాటింది.

అప్పుడు కాగితం చూశాను. ఒకటి, పాతది విప్పాలి. పాత డిస్కు అవతలి పలక వైపు బిగించి ఉంది. ఆ పలకకు ఇలాంటివే ఇంకో నాలుగు తుప్పు మరలు.

"చాలీస్ మినట్ కూడా లేదు, మాస్టారూ" అన్నాడు గార్డు. ఆరుకి నలభై నిమిషాలు కూడా లేవు.

ఆరు దాటితే? దాటితే ఏమీ కాదు. ఆ మాట ప్రపంచంలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. అయినా ఆరు దాటకూడదనుకున్నాను. ఆరు దాటాక మొదలైతే అమ్మ మాట నెగ్గినట్టవుతుంది. అంతే. ఆ ఒక్క కారణానికి మొదటి అంకె వదిలేశాను. పాతదాన్ని ఉన్నచోటే ఉంచి, అదే కేబులుకున్న రెండో కొసకు కొత్త డిస్కు తగిలించాను. కనీసం పాతదాని కేబులు పీకేసినా సరిపోయేదని ఆ తర్వాత తెలిసింది.

దుకాణదారు ఇచ్చిన ఫ్లాపీ పెట్టి కంప్యూటరు వేశాను. పార్టిషన్ చేసే తెర వచ్చింది. ఈ డిస్కులో ఇదివరకే ఒక పార్టిషన్ ఉందంది.

కొత్త డిస్కులో పాత పార్టిషనేమిటి? ఒక్క క్షణం ఆగి ఉంటే ఆ ప్రశ్నకు జవాబు దొరికేది. నేను ఆగలేదు. "వాడేసిన డిస్కు అంటగట్టాడయ్యా దుకాణం వాడు!" అన్నాను గార్డుతో. పాపం, ఆ మనిషి ఏ మోసమూ చెయ్యలేదు. కొత్త డిస్కు ఖాళీగానే ఉంది. కంప్యూటరు నాకు చూపిస్తున్నది మొదటి డిస్కుని, అంటే పాతదాన్ని.

ఉన్నది తీసెయ్యమన్నాను. ఖాయమా అని అడిగింది. వై నొక్కాను, అంటే ఔనని. కొత్తగా హద్దులు వెయ్యమన్నాను, వేసింది. కంప్యూటరు ఆపి మళ్ళీ వేసి ఫార్మాట్ కొట్టాను. ఇందులో ఉన్నదంతా పోతుంది, కానివ్వమంటావా అని పెద్ద అక్షరాల్లో అడిగింది. పురోహితుడు ఒక్క మంత్రం చదివితే అర్థం చెప్పమని నిలదీసినవాణ్ణి, ఆ ఒక్క వాక్యాన్ని చదవకుండా మళ్ళీ వై నొక్కాను.

"పౌనే ఛే!" అన్నాడు గార్డు. ఐదుంముప్పావు. "పదిహేను నిమిషాలు చేతిలో ఉండగానే బండి స్టేషన్లో పెట్టేశారు!"

కరచాలనం చేసుకున్నాం. తెరమీద శాతం అంకెలు పెరుగుతున్నాయి. అంతకుముందే నా భార్య టీ తెచ్చి బల్లమీద పెట్టింది. తెరవంక చూస్తూ అలాగే నిలబడింది.

"ఐదొందల చిల్లర అంటోందేం?" అంది.

"ఏది?"

"అదిగో, పైన. కొత్తది రెండు వేలు కదా మాస్టారూ?"

నేను లెక్కలు చెప్పి బతికినవాణ్ణి. ఐదొందలకూ రెండు వేలకూ తేడా మూడో తరగతి పిల్లలకు నేర్పినవాణ్ణి. ఆ అంకె నా ముక్కు ముందు ఎప్పట్నించి ఉందో, ఆమె వేలు పెట్టి చూపించేదాకా నాకు కనబడలేదు. ప్లగ్గు పీకేశాను.

ఆమె ఏడవలేదు. అరవలేదు. స్టూలు మీది నుంచి లేచిన గార్డును కూర్చోమని చెప్పి, టీ ఆయన చేతికిచ్చింది. తర్వాత నా వైపు తిరిగి చాలా మామూలుగా అంది:

"మళ్ళీ రాయడానికి ఆర్నెల్లు పడుతుంది. ఈ ఆర్నెల్లలో బీర్‌గావ్‌లో ఎవరైనా కాళ్ళు వాచి ఇంట్లో కూర్చుంటే, దానికి రాహువు జవాబు చెప్పడు, మాస్టారూ."

మర్నాడు డిస్కు పట్టుకుని దుకాణానికి పరిగెత్తాను. రెండు దుకాణాలు తిరిగాను. అందరూ తలలు అడ్డంగా ఊపారు. బహుశా పెద్ద ఊళ్ళో ఎవరైనా తీయగలిగేవారేమో. ఆ రోజుల్లో రాయపూర్‌లో నాకు దొరకలేదు.

ఇంట్లో కూర్చోలేకపోయాను. బడిలో నిలబడలేకపోయాను. బోర్డుమీద లెక్క సగంలో ఆపేసి కిటికీలోంచి చూసేవాణ్ణి. ఇంటికొస్తే కంప్యూటరున్న గదిలోకి వెళ్ళకుండా వీధిలో అటూ ఇటూ నడిచేవాణ్ణి. వీధిలో మరో బాధ. అమ్మ ఊరుకుంటుందా? నీళ్ళ కుళాయి దగ్గర, రేషను లైన్లో, చెప్పాల్సినవాళ్ళందరికీ చెప్పింది. "రాహుకాలంలో ఇప్పినాడమ్మా, పాపం కోడలు రెండేళ్ళు రాసింది, ఫట్‌మని పోయింది." వారం తిరిగేసరికి కాలనీ అంతా అదే మాట. కొత్త ఫ్రిజ్ కొన్నవాళ్ళు దాన్ని ఆరు దాటాకే ప్లగ్గులో పెట్టారట. పాతికేళ్ళు నేను మాట్లాడి చెయ్యలేని పని, నా ఒక్క సాయంత్రం తలకిందులుగా చేసిపెట్టింది.

గార్డు ఒక ఉపాయం చెప్పాడు.

"పాత డిస్కే ఖరాబైందని చెప్పేయండి మాస్టారూ. ఎవడికి తెలుసు? ఇజ్జత్ మిగుల్తుంది. అడిగితే నేను సాక్షిగా గవాహీ ఇస్తా."

నాలుగు రోజులు ఆ ఉపాయాన్ని జేబులో పెట్టుకు తిరిగాను. అబద్ధం కాకపోవచ్చు అని కూడా అనుకున్నాను. పాతదే కదా, ఎలాగూ పోయేదే కదా. మనసు ఎంత చక్కగా వాదిస్తుందో అప్పుడు చూశాను. నేను హాల్లో ఓడించిన జ్యోతిష్కులెవరూ అంత బాగా వాదించలేదు.

ఆ నెల చర్చలో లేచి నిలబడ్డాను. రాహువు నిర్దోషి అని నిరూపించడానికి నాకు ఒకటే దారి మిగిలింది. నేరం నేను ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాను. కాగితంలో మొదటి అంకె వదిలేశానన్నాను. తెర రెండుసార్లు అడిగితే రెండుసార్లూ చదవలేదన్నాను. ఆమె ఫ్లాపీలు అడిగితే భయమని ఎగతాళి చేశానన్నాను. "ఎందుకు తొందరపడ్డాను? ఆరు లోపల పూర్తి చెయ్యాలని. ఆ గంటన్నర దాటిపోవాలని మా అమ్మ గడియారం చూసింది. దాటిపోకూడదని నేను చూశాను. ఇద్దరం దానికే కట్టుబడ్డాం. మా అమ్మ కనీసం ఎవరి పుస్తకాన్నీ చెరపలేదు" అన్నాను. ఇక నుంచి రాహుకాలం చూసి పని మొదలుపెట్టనన్నాను. రాహుకాలం తప్పించీ పెట్టను, ఏరి కోరీ పెట్టను. పని సిద్ధమైనప్పుడు పెడతాను.

ఆఖరి బెంచీలో అమ్మ కూర్చుని ఉందని నాకు తెలియదు. బయటికొస్తుంటే చెయ్యి పట్టుకుంది.

"అయితే రాహువు తప్పేటీ లేదంటావు."

"లేదు."

"నీదేనంటావు."

"నాదే."

"ముందే సెప్పొచ్చు కదరా! నేను కాలనీ అంతా సెప్పేసినాను."

పుస్తకం మళ్ళీ మొదలైంది. మొదటి పన్నెండు పేజీలకు మాత్రం కాగితం మీద ప్రింటు మిగిలింది. మిగతాది ఆమె డ్యూటీ నుంచి వచ్చాక చెప్పేది, నేను టైపు చేసేవాణ్ణి. మధ్యలో నేనొక మాట మార్చబోతే "నేను చెప్పేది పూర్తిగా వినండి, తర్వాత వాదించండి" అనేది. వినడం నేర్చుకున్నాను. నలభై దాటాక నేర్చుకున్న విద్య కనుక ఇప్పటికీ అప్పుడప్పుడు తప్పుతుంటాను. పాదం మీది గుంటను ఆమె మళ్ళీ మూడు వారాలు వేసింది. వానలు వచ్చాయి, వెళ్ళాయి. పుస్తకం దీపావళి దాటాక అచ్చయింది. ఆ మధ్యలో బీర్‌గావ్ నుంచి ఎవరు ఏ స్థితిలో వచ్చారో నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. మా ఇద్దరి మధ్య ఇప్పటికీ ఉన్న మౌనం అదొక్కటే.

ఇప్పుడు ప్రతిదానికీ మూడు ప్రతులు తీస్తాం. ఒకటి ఇంట్లో, ఒకటి గార్డు ఇనప్పెట్టెలో. మూడోది అమ్మ తన పూజ అలమారలో పెట్టుకుంటానంది. దుమ్ము పడని, తడి తగలని, ఇంకెవరూ చెయ్యిపెట్టని చోటు మా ఇంట్లో అదే. ఒప్పుకున్నాను. ఫ్లాపీల పెట్టెకు కుంకుమ బొట్టు కూడా ఉంది, ఊరుకున్నాను. కానీ నెలకోసారి ఆ పెట్టె తీసి, ఒక్కో ఫ్లాపీ కంప్యూటర్లో పెట్టి, తెరుచుకుంటుందో లేదో చూస్తాను. అలా చూడకుండా అలమారలో ఉంచితే, దేవుడి పటం వెనక మడతపెట్టి దాచిన ఆ కాగితానికీ దీనికీ తేడా లేదు.

ఇది చదివి తల ఊపి పేజీ తిప్పెయ్యకండి. లేవండి. మీ ఇంట్లో ఎవరి రాత, ఎవరి లెక్క, ఎవరి బొమ్మ ఒకేచోట ఒక్క ప్రతిగా ఉందో ఇప్పుడే వెతకండి. దానికి రెండో ప్రతి తీయండి, తీసినదాన్ని తెరిచి చదివి చూడండి. ఆ తర్వాత, మిమ్మల్ని ఆగమన్నప్పుడు మీరు నవ్విన మనిషి దగ్గరికి వెళ్ళి, ఎందుకు ఆగమన్నావని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా నోరు విప్పకండి.